ఉరుకుందమ్మ మూడుసార్లు చెప్పింది

2022 ఫిబ్రవరి నెల. కర్నూలులో అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఊరి చివర, హైవేకు దగ్గర్లో ఉన్న నా షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా ఒకటే పని చేస్తున్నాను. మోటారు సైకిళ్ల ముందు ఫోర్కులు, వెనక షాకబ్జర్లు బాగుచేస్తాను. ఇంజను పని వస్తే పక్క షెడ్డుకు పంపిస్తాను. రాళ్లలో, గుట్టల్లో తోలే డర్ట్ బైకులు కడప నుంచి కూడా నా దగ్గరికి వస్తాయి. ఫోర్కు అంటే మస్తానే అని నలుగురూ అనేవాళ్లు. ఆ మాట వినడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టం వల్ల ఒకరి ఎముకలు విరిగాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ నెలలో కోయిలకుంట్ల నుంచి ప్రతాపరెడ్డి అనే ఆయన రెండు బండ్లు తెచ్చాడు. ఆయనకు పొలాలతో పాటు నాపరాళ్ల వ్యాపారం ఉంది. వయసు నలభై దాటినా బండ్ల మీద మోజు తీరలేదు. మొదటి బండి మన షోరూముల్లో దొరికేదే, గుట్టలెక్కడానికి పనికొచ్చే రకం. రెండోది బెంగళూరులో ఒకరి దగ్గర కొన్న విదేశీ డర్ట్ బైకు. రోడ్డు మీద తోలడానికి కాదు, పోటీలకే. మార్చిలో కడప వైపు గుట్టల్లో ఒక పోటీ ఉంది, ఏ బండితో పోవాలో తేల్చి చెప్పమన్నాడు.

చదివేవాళ్లకు ఆ రెండింటి తేడా ఒక్క మాటలో చెప్పాలి. మామూలు ఫోర్కులో మెరిసే సన్నని గొట్టం పైన ఉంటుంది, లావు గొట్టం చక్రం దగ్గర ఉంటుంది. ఖరీదైన ఫోర్కులో ఇది తలకిందులు. లావు గొట్టం పైన హ్యాండిల్ దగ్గర, సన్నది కింద. అందుకే దాన్ని అప్‌సైడ్ డౌన్ ఫోర్కు అంటాం. ఎత్తు నుంచి దూకినా అది అంత తేలిగ్గా వంగదు, బండి గీత గీసినట్టు పోతుంది. ఏ ఫోర్కులోనైనా లోపల ఉండేవి స్ప్రింగు, ఆయిలు. రాయి తగిలితే స్ప్రింగు అణుగుతుంది. అణిగిన స్ప్రింగు ఎగిరి తన్నకుండా ఆయిలు పట్టి ఉంచుతుంది. ఆ తిరిగి లేవడాన్ని రీబౌండ్ అంటాం. చక్రానికి అటూ ఇటూ ఉండే గొట్టాలను ఫోర్కు కాళ్లు అంటాం. ప్రతాపరెడ్డి తెచ్చిన విదేశీ ఫోర్కులో ఎడమ కాలు అణిగే పని చూస్తుంది. రీబౌండ్ పని మొత్తం కుడి కాలిదే.

ఆ ఫోర్కును పూర్తిగా విప్పి, కడిగి, ఆయిలు కారకుండా ఆపే కొత్త సీళ్లు, కొత్త ఆయిలు వేసి బిగించాను. చేత్తో నొక్కి చూస్తే వెన్న మీద వేలు పెట్టినట్టు ఉంది. మామూలు ఫోర్కుకూ అదే పని చేశాను. ఏది గెలుస్తుందో నా మనసులో అప్పుడే తేలిపోయింది. నేలమీద చూడటం ఒక తంతు, అంతే.

బండి తోలడానికి వచ్చింది ఉరుకుందమ్మ. ఇరవై నాలుగేళ్లు. ఆలూరు దగ్గర పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు. ఆమె కర్నూలులో ఒక బండ్ల షోరూములో కొనేవాళ్లకు బండి తోలి చూపించే పని చేసేది. అంతకుముందు ఏడాది ఒక చిన్న పోటీలో మగపిల్లల మధ్య తోలి నాలుగోదిగా వస్తే ప్రతాపరెడ్డి చూసి, తన బండి మీద పంపిస్తానన్నాడు. కడప పోటీలో బాగా తోలితే ఒక టీములో చోటు దొరికే మాట కూడా ఉందట. మనిషి సన్నగా ఉంటుంది, మాట తక్కువ. హెల్మెట్ పెట్టుకునే ముందు జుట్టు రెండు చుట్లు చుట్టి చొక్కాలోపల దోపుకునేది.

ఓర్వకల్లు దాటాక ఒక గరుసు బీడు ఉంది. మధ్యలో నీళ్లు ఎండిన వాగు, మా వైపు వంక అంటాం. అక్కడికి పొద్దున్నే రెండు బండ్లూ తీసుకుపోయాం. రెండు ఫోర్కుల గొట్టాలకూ ఒక్కో ప్లాస్టిక్ ట్యాగు కట్టాను. ఫోర్కు ఎంత అణిగితే ట్యాగు అంత దూరం జరుగుతుంది, దాన్నిబట్టి ఫోర్కు ఎంతవరకు పనిచేసిందో కొలవచ్చు. వంకలోకి దిగి, రాళ్ల మీదుగా అవతలి గట్టు ఎక్కి, బీడు చుట్టి రావాలి. ఒక్కో బండి మీద ఐదు చుట్లు.

మామూలు ఫోర్కు బండి మీద ఆమె నిదానంగా మొదలుపెట్టి, ప్రతి చుట్టుకూ వేగం పెంచుకుంటూ పోయింది. ఖరీదైన బండి మీద దీనికి వ్యతిరేకంగా జరిగింది. మొదటి రెండు చుట్లు గాలిలా పోయింది, మూడో చుట్టులో తగ్గింది. వచ్చి ఆపి, ముందు చక్రం తన్నుతోందని చెప్పింది. నేను ట్యాగు చూశాను. కొలత సరిగ్గా ఉంది. కుడి కాలి పైన ఉండే చిన్న స్క్రూను రెండు క్లిక్కులు తిప్పి రీబౌండ్ నెమ్మది చేశాను. మళ్లీ తోలమన్నాను.

రెండోసారి వచ్చినప్పుడు, అన్ని రాళ్లకూ కాదు, కొన్నిసార్లే తన్నుతోందని, బండి వేడెక్కాక ఎక్కువవుతోందని చెప్పింది. కొన్నిసార్లే అనడం నాకు నచ్చలేదు. ఫోర్కు చెడితే ప్రతిసారీ చెడుగానే ఉండాలి కదా అనుకున్నాను. ముందు చక్రాన్ని నా రెండు కాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ మీద నా బరువంతా వేసి నొక్కాను. చక్కగా దిగింది, నెమ్మదిగా లేచింది. చూశావా అన్నట్టు ప్రతాపరెడ్డి వైపు చూశాను. ఆడపిల్లకు బరువు చాలదేమో అని ఆయన అన్నాడు. నేను కాదనలేదు.

మూడోసారి ఆమె బండి దిగకుండానే హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"అన్నా, కిందికి దిగేది బాగనే ఉండాది. పైకి లేచేటప్పుడు పట్టే దిక్కు లేకుండా ఎగదంతాంది. ఆ బండి అట్ల చెయ్యల్యా. ఒకసారి ఇప్పి చూడు."

"ఇప్పేదేముందమ్మా, వారం కింద నేనే ఇప్పి బిగించినా. బండి శానా బాగుండాది. నీ చేతులకే అలవాటు కాలేదు. గట్టిగా పట్టుకో."

ఆమె నన్ను ఒకసారి చూసింది. అద్దం దించుకుని పోయింది.

ఆ చుట్టులో వంకలోకి దిగేటప్పుడు నేను ఒడ్డునే ఉన్నాను. ముందు చక్రం అడుగున ఉన్న రాయికి తగిలి ఫోర్కు పూర్తిగా అణగడం కళ్లారా చూశాను. ఆ మరుక్షణం ముందు భాగమంతా, ఎవరో కింది నుంచి తన్నినట్టు పైకి లేచింది. హ్యాండిల్ పక్కకు తిరిగింది. ఆమె బండి మీద నుంచి విడిపోయి అవతలి రాళ్ల మీద భుజం ఆనేటట్టు పడింది. బండి ఆమెకు జానెడు దూరంలో పడింది, వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

నేను పరుగెత్తాలి. ఒడ్డునే ఉండిపోయాను. ప్రతాపరెడ్డే ముందు దిగి ఇంజను ఆపాడు. ఆమె అరవలేదు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఉండకూడని వైపు తిరిగి ఉంటే, దాన్ని వేరే ఎవరిదో చెయ్యి అన్నట్టు చూస్తోంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. అప్పుడు కూడా నా మనసులో మొదట వచ్చింది, గట్టిగా పట్టుకోమన్నాను కదా అన్న మాటే.

మెడ కింద ఎముక, మణికట్టు రెండూ విరిగాయి. కర్నూలు ఆసుపత్రిలో చేర్చాం. మూడు నెలలు బండి ముట్టుకోకూడదన్నారు. కడప పోటీకి ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

మరుసటి రోజు పొద్దున ఆ బండి నా షెడ్డుకు వచ్చింది. పడినప్పుడు ఫోర్కు కుడి గొట్టం వంగింది. సరిచేసి ఇస్తే అమ్మేస్తానని ప్రతాపరెడ్డి ఫోను చేశాడు. వంగిన గొట్టం తియ్యడానికే విప్పాను. లోపల తప్పు వెతకాలన్న ఆలోచన నాకు లేదు.

కుడి కాలి లోపలి కడ్డీ బయటికి తీశాను. దాని చివర పిస్టను, పిస్టను మీద షిమ్ములు ఉంటాయి. షిమ్ము అంటే కాగితం మందం ఉన్న ఉక్కు బిళ్ల. అలాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఆయిలు వాటిని కొంచెం కొంచెం పైకెత్తుకుని పోవాలి. ఆ అడ్డం వల్లే ఫోర్కు నెమ్మదిగా లేస్తుంది. మొదటి షిమ్ముకూ పిస్టనుకూ మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. ట్వీజరుతో పట్టి లాగితే మెలికపడిన దారపు పోగు వచ్చింది. పెట్రోలులో కడిగాను. నీలం రంగు తేలింది.

నా షెడ్డులో తుడవడానికి నూలు వేస్టు తెల్లది వాడతాం. ఫోర్కు లోపలి సామాను మాత్రం పోగులూడని గుడ్డతోనే తుడవాలి. పని నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట అది. ఈ ఫోర్కు కడిగిన రోజు ఆ గుడ్డ అయిపోయింది. బయటికి పోయి తెచ్చుకునే ఓపిక లేక, ఇంటి నుంచి తెచ్చిన నా పాత లుంగీ ముక్కతో తుడిచాను. నీలం గళ్ల లుంగీ. ఆ ముక్క ఇంకా బెంచీ కింద మేకుకు వేలాడుతోంది.

స్టూలు మీద కూర్చుని ఆమె చెప్పిన ఒక్కో మాటా గుర్తుచేసుకున్నాను. ఆ పోగు ఆయిలుతో పాటు కదులుతూ, ఇరుక్కున్నప్పుడు షిమ్మును ఎత్తి పట్టింది. అప్పుడు ఆయిలుకు అడ్డమే లేదు, స్ప్రింగు తన ఇష్టమొచ్చినట్టు తన్నింది. పోగు పక్కకు జరిగినప్పుడు అంతా బాగుంది. కొన్నిసార్లే అని ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వేడెక్కాక ఎక్కువ అన్నదీ నిజమే, ఆయిలు పలచబడితే పోగు ఇంకా తేలిగ్గా కదులుతుంది. చక్రం ముందర నిలబడి, చేతులతో నొక్కి, కొలత చూసి నేను చెప్పినదాంట్లో ఒక్కటీ నిజం కాదు.

ఆ పోగును పారేస్తే ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. కొంతసేపు ఉంది కూడా. తరువాత దాన్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని ఆసుపత్రికి పోయాను.

మంచం పక్కన వాళ్లమ్మ నేల మీద కూర్చుని ఉంది. ప్రతాపరెడ్డి కూడా అప్పుడే వచ్చాడు. కాగితం విప్పి, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాను. లుంగీ సంగతి కూడా దాచలేదు. ప్రతాపరెడ్డి నన్ను వరండాలోకి తీసుకుపోయాడు.

"ఎవరు అడిగినారప్పా నిన్ను? ఆ పాపే పట్టు తప్పి పడిందని అందరూ అనుకుంటాండారు. నీ పేరు నువ్వే యాల చెడగొట్టుకుంటావు?"

నేను మళ్లీ లోపలికి వచ్చాను. వాళ్లమ్మ అంతదాకా నా ముఖం చూడలేదు. అప్పుడు చూసింది.

"మూడు తూర్లు చెప్పిందంట గదప్పా నా బిడ్డ."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ని.

ఉరుకుందమ్మ ఆ పోగును కుడిచేత్తో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసింది. తిడుతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె అడిగిన మాట ఇది:

"అట్లయితే నా చేతులకు తెలిసింది నిజమేనా అన్నా?"

నిజమేనన్నాను.

"నిన్నటి నుంచి అదే అనుకుంటాండా. నాకు బండి తోలేకి రాదు, పెద్ద బండి నాలాంటోళ్లకు గాదు, ఇంగ రేసులొద్దు అని. అమ్మకు గూడా చెప్పేసినా."

ఎముక విరిగిందనే నేను బాధపడుతున్నాను. అంతకంటే లోపల, ఆమెకు తన చేతుల మీద ఉన్న నమ్మకాన్నే నేను విరగ్గొట్టానని అంతదాకా నాకు తెలియదు. పోగు పారేసి ఉంటే ఆ నమ్మకం ఎప్పటికీ అతుక్కునేది కాదు.

తరువాత నేను వాళ్ల షోరూముకు కూడా పోయి మేనేజరుకు చెప్పి వచ్చాను. ఈ అమ్మాయి దూకుడుగా తోలుతుందని వాళ్లు అప్పటికే ఆమెను బండ్ల మీది నుంచి తీసి లోపల కూర్చోబెట్టాలని చూస్తున్నారు. విషయం ఊళ్లో పాకింది. కడప నుంచి వచ్చే బండ్లు కొన్ని నెలలు రాలేదు. రాకపోవడం న్యాయమే.

కడప పోటీ ఆమె లేకుండానే జరిగింది. టీములో చోటు ఇంకెవరికో పోయింది. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

జులైలో ఆమె నా షెడ్డుకు వచ్చింది. ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. ప్రతాపరెడ్డి బండి అమ్మలేదు. ఆ ఫోర్కులు తన ముందే విప్పి బిగించమంది. ప్రతి ముక్కా అడిగి తెలుసుకుంది. తరువాత అదే బీడులో మళ్లీ రెండు బండ్లూ తోలింది. ఈసారి నేను ట్యాగు ముట్టుకోకముందే ఆమె చెప్పేదంతా కాగితం మీద రాసుకున్నాను. వేగంగా పోయే ఎత్తుపల్లాల్లో ఖరీదైనదే మేలు అంది. వంకలో, నిదానంగా రాళ్లు దాటేచోట మామూలుదే తన బరువుకు బాగా అణుగుతోంది, అదే హాయిగా ఉంది అంది. నేను కొలిచిన కొలతలకూ ఆమె మాటకూ ఎక్కడా తేడా రాలేదు. వేగంగా పోయేచోట కూడా తట్టుకునేటట్టు మామూలు ఫోర్కులో కొంచెం గట్టి స్ప్రింగులు వేయించుకుని, మరుసటి ఏడాది పోటీకి ఆ బండితోనే పోయింది. ఆరోదిగా వచ్చింది. నేను అనుకున్న బండి అది కాదు.

ఏ ఫోర్కు మంచిదన్నా అని ఇప్పటికీ అడుగుతారు. రెంటినీ పక్కపక్కన పెట్టి తూచే ముందు, తూచే మనిషి మనసు ఎటు మొగ్గి ఉందో చూసుకోవాలని ఆ వంక దగ్గర నేర్చుకున్నాను. నేను బిగించిన ఫోర్కు తప్పు చేయదని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆమె మాట అడ్డం వచ్చింది కాబట్టి ఆమెదే తప్పన్నాను. బండి మీద కూర్చున్న మనిషికి తెలిసినంత నా చేతులకు తెలియదు, నా కొలతలకూ తెలియదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి, ఎందుకో తెలీదు గానీ బాగలేదన్నా అంటే, ఎందుకో చెప్పమని నేను అడగను. ఎందుకో కనుక్కోవడం వాళ్ల పని కాదు. పానా తీసుకుని విప్పుతాను.