రెండు వేళ్లు పొడుగైన గొట్టం

ఆ ఎర్ర కారు గురించి వీధిలో చెప్పుకొనే మాటలు పరీక్షకు నిలిచేవి కావు. ఎదురింటి లెక్చరరుగారు, కత్తెరమ్మ తోలుతో గొట్టాలు కుట్టి కారుకు బిగించిందని నలుగురిలో చెప్పారు. సూదిపోటున్న గొట్టంలో వేడినీళ్లు నిలుస్తాయా అన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. ఆమె కారును పాడుచేస్తే మెకానిక్ వచ్చి బాగుచేశాడని మూల ఇంటావిడ వాదన. మెకానిక్ ఆ గేటు లోపల అడుగే పెట్టలేదు. కారు సొంతదారైన బావగారు, పనంతా తనదేననీ మరదలు ఊరికే టార్చి పట్టుకుందనీ స్నేహితులకు గోరంతను కొండంత చేసి చెప్పుకున్నారు. టార్చి ఉన్న మాట నిజమే, పట్టుకున్నది ఆయన.

ఆమె దర్జీ. కోట్లు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేదు కనుక వీధివాళ్లు కత్తెరమ్మ అని పేరు పెట్టారు. మెట్ల కింది గదిలో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, మేకులకు వేలాడే కాగితపు నమూనాలు. పొడుగైతే కోసుకోవచ్చు, పొట్టిదైతే ఏడ్చుకోవాలి అన్నది ఆమె సిద్ధాంతం. కుట్టులోకి పోయే గుడ్డ అంచుకు రెండు వేళ్లు వదిలితే గాని కత్తెర కదిలించదు. ఆ జాగ్రత్త వల్ల ఆమె చేతిలో బట్ట చెడిందన్నవారు లేరు.

మేడ మీద అక్కా బావా ఉంటారు. రెండే సీట్లున్న ఆ పాతకాలపు స్పోర్ట్స్ కారు బావగారు పడుచుతనంలో కొన్నది. చలికాలంలో ప్రతి ఆదివారం అక్కను పక్కన కూర్చోబెట్టుకొని సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ దాకా వెళ్లిరావడం వాళ్ల అలవాటు. కిందటి చలికాలం, ఇంజనులోని వేడినీటిని హీటరుకు చేర్చే గొట్టాలు ఎండి బీటలువారి, అక్క కాళ్ల దగ్గర నీళ్లు కారాయి. ఆ వంపు తిరిగిన గొట్టాలు ఇప్పుడు తయారుకావనీ హీటరు మూసేసుకోమనీ, దుకాణాలకెళ్లి అడిగితే మెకానిక్‌లు చేతులెత్తేశారు. చలి తగిలితే అక్క మోకాళ్లు పట్టేస్తాయి. ఆమె కారెక్కడం మానేసింది.

"ఈ ఆదివారం మా స్నేహితుడొచ్చి కారు కొనుక్కుపోతాడు," అన్నారు బావగారు కాఫీ కప్పులోకి చూస్తూ. "మీ అక్క ఎక్కని కారు నాకెందుకు?"

"నేనేమైనా వద్దన్నానా?" అంది అక్క. "మోకాళ్లు వద్దంటున్నాయి."

అక్క మొహం కిటికీ వైపు తిరగడం కత్తెరమ్మ చూసింది. కప్పు కింద పెట్టింది.

"బావగారూ, ఆ గొట్టాలేవో నాకొకసారి చూపించండి."

"అవి జాకెట్లు కావు, మరదలు పిల్లా." ఆమెకు జుట్టు నెరిసినా ఆయనకు పెళ్లినాటి మరదలు పిల్లే.

"జాకెట్లయితే మిమ్మల్నెందుకు అడుగుతాను?"

శనివారం పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే పని మొదలైంది. లోపలి నీళ్లు బేసినులోకి వదిలారు. బావగారు స్క్రూడ్రైవరుతో క్లిప్పులు వదులుచేశారు. ఆ ఘనత ఆయనదే, కాదనకూడదు. గొట్టం మాత్రం హీటరు ఇత్తడి ముక్కును పట్టుకొని వదలలేదు. ఆయన మెలితిప్పబోయారు.

"ఆగండాగండి! లాగితే ముక్కే ఊడొస్తుంది. కుట్టు విప్పాలంటే గుడ్డ లాగుతామా? కోస్తాం."

ఆమె బ్లేడుతో గొట్టాన్ని నిలువునా చీల్చి వేరుశనగ తొక్కలా ఒలిచింది. పాతవాటిని కాగితం మీద పెట్టి వంపు గీసుకుంది, దారంతో పొడవు తీసింది. కొట్లో మూరల లెక్కన అమ్మే దళసరి రబ్బరు గొట్టాన్ని ఆ కొలతలు చూసుకొని రెండు ముక్కలుగా కోసి, చివరలకు సబ్బునీళ్లు రాసి ఎక్కించింది. బావగారు టార్చి పట్టుకొని సలహాలిస్తూనే ఉన్నారు; ఆమె ఒక్కటీ వినలేదు.

నీళ్లు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఆగి, అక్కను శాలువాతో తెచ్చి సీట్లో కూర్చోబెట్టారు. ఇంజను వేడెక్కింది. హీటరు తిప్పారు.

"ఏమే చెల్లీ, ఇది హీటరా, ఫ్రిజ్జా?" అంది అక్క.

"నే చెప్పలేదూ? ఆ హీటరే చచ్చింది," అన్నారు బావగారు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. "మా వాడికి ఫోను చేసి ఇవాళే రమ్మంటాను."

 కత్తెరమ్మ ఫోను దాకా పోనివ్వలేదు. కొత్త గొట్టం మీద చెయ్యి పెట్టి జరుపుతూ పోయింది. వంపు దాకా వేడి. వంపు దాటితే చల్లన. టార్చి అటు తిప్పించి చూసింది. పొడుగెక్కువైన కోటు చెయ్యి మోచేతి దగ్గర మడత పడ్డట్టు, గొట్టం వంపులో నొక్కుకుపోయి ఉంది.

"పాత కొలతలోనే ముక్కు మీదికెక్కే భాగం ఉంది," అంది నెమ్మదిగా. "నేను చివర ఇంకో రెండు వేళ్లు వదిలాను."

"ఎందుకమ్మా?" అన్నారు బావగారు.

"కుట్టులోకి."

బావగారి నవ్వుకు చేతిలో టార్చి ఊగి, వెలుగు గోడంతా గంతులేసింది. "రబ్బరు గొట్టానికి కుట్టా! ఇంకా నయం, కాజాలు తియ్యలేదు!"

"బొత్తాలు మీరు కుడతారని ఆగాను," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే.

ఇంజను చల్లారేదాకా కాఫీ తాగారు. కత్తెరమ్మ ఆ గొట్టం విప్పి, ఎక్కువైనంత మేరా కోసి మళ్లీ బిగించింది. మళ్లీ హీటరు తిప్పారు. ఈసారి అక్క చెప్పులు విడిచి పాదాలు ముందుకు చాపింది. కాసేపయ్యాక శాలువా తీసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఆ తలుపెయ్యవే, వేడంతా బయటికి పోతోంది. ఏవండీ, ఇంకా నిలబడ్డారేం? ఎక్కండి."

మర్నాడు కారు కోసం వచ్చిన స్నేహితుడికి షెడ్డు ఖాళీగా కనిపించింది. మెట్ల మీద ఒకావిడ కోటు అంచు కుడుతోంది.

"లైట్‌హౌస్‌కెళ్లారండీ," అంది ఆమె. "కారా? వాళ్లతోనే ఉంది. ఇక మీకు రాదు. కాఫీ మాత్రం ఇస్తాను, కూర్చోండి."

చెల్లెలు మంత్రం వేసిందని అక్క చెప్పే మాట కూడా సాక్ష్యానికి నిలవదు. కత్తెరమ్మ రెండు గొట్టాలు మార్చింది. ఒకదాన్ని అలవాటు కొద్దీ పొడుగ్గా కోసింది. ఆ తప్పు తానే పట్టుకొని, తానే సరిచేసింది. అక్క సీటు అక్కకు దక్కింది.