రాళ్ళక్క సాక్ష్యం

రాళ్ళక్క అసలు పేరు చర్చి సంఘంలో సగం మందికి తెలియదు. కాలేజీ భూగర్భశాస్త్ర విభాగంలో, మెట్ల కింది గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా రాళ్ళు కోస్తోంది కాబట్టి రాళ్ళక్క అయింది. ఆ పేరుకి ఆవిడ ఎప్పుడూ నొచ్చుకోలేదు. "ముళ్ళక్క అనలేదు, అంతే చాలు" అనేది.

ఆమె పని పైకి మొరటు, లోపల మహా నాజూకు. రాతిని రంపపు చక్రం మీద బిళ్ళగా కోయాలి. ఆ బిళ్ళని స్లైడనే గాజు పలకకి అంటించాలి. సాన పొడిలో నీళ్ళు కలిపి, దాని మీద గుండ్రంగా తిప్పుతూ అరగదీయాలి. ఎంతవరకంటే, ఆ రాతి వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. అక్కడితో ఆపకుండా ఇంకో నాలుగు చుట్లు తిప్పామో, రాయి కాస్తా నీళ్ళలో కలిసిపోతుంది. పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా హుళక్కి.

ఆమెకి పని నేర్పిన ముసలాయన, పనితో పాటు ఒక అలవాటు కూడా అంటించి పోయాడు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూడగానే, ఏం కనబడిందో అది వజ్రపు మొన పెన్సిలుతో ఆ గాజు అంచు మీద గీసెయ్యాలి. "ఆలస్యం చేశావంటే మధ్యలోకి బుర్ర దూరుతుందమ్మాయ్. కంటికి కనబడ్డదాన్ని తనకి నచ్చినట్టు మార్చేస్తుంది" అనేవాడాయన. గాజు మీద గీసింది ఇక చెరగదు. ఇరవై ఆరేళ్ళలో ఆమె చెయ్యి ఆమె బుర్ర కోసం ఒక్కనాడూ ఆగలేదు.

ఆదివారమైతే చర్చి వెనక గదిలో పిల్లలకి పాఠం చెబుతుంది. మొదటి రోజు వెలుగు, మూడో రోజు చెట్లు, అయిదో రోజు చేపలూ పిట్టలూ, ఆరో రోజు మనిషి. వేళ్ళు మడిపించి మరీ లెక్కపెట్టిస్తుంది. ఆరంటే ఆరే రోజులు, అందులో బేరాల్లేవు. సోమవారం పొద్దున్న ప్రొఫెసర్ గారు ఒక రాతిముక్క తెచ్చి "నలభై కోట్ల ఏళ్ళ నాటిదమ్మా, జాగ్రత్త" అంటే, "మీ లెక్క మీది సార్, నా లెక్క నాది. ఎంత పలచగా కావాలో చెప్పండి" అనేది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. దేవుడున్నాడంటే ఆయన నమ్మడు. ఆమెకన్నా బాగా రాయి కోసేవాళ్ళు ఉన్నారన్నా నమ్మడు. ఈ రెండు అపనమ్మకాల మీద వాళ్ళిద్దరి స్నేహం నిక్షేపంలా సాగింది.

ఇలాంటి ఉద్యోగం చేస్తూ అలాంటి విశ్వాసం ఎలా పెట్టుకున్నావని అడిగినవాళ్ళు లేకపోలేదు. ఆమె దగ్గర పెద్ద వాదనలేం లేవు. ఎవరూ చూడని రాతి కడుపులో కూడా రవ్వ పక్కన రవ్వని ఇంత పొందిగ్గా అమర్చినవాడొకడున్నాడు, దాన్ని మొట్టమొదట చూసే భాగ్యం నాకిచ్చాడు అనేది. పని చేసుకుంటూ సన్నగా పాడుకునేది కూడా. గొంతు మాత్రం రంపపు చక్రానికి ఏమీ తీసిపోదు.

చర్చి వేదిక పక్కన ఒక గాజు పెట్టె ఉంది. అందులో మూరెడు పొడుగున ముదురు గోధుమరంగు ముక్క ఒకటి. నిలువునా చారలు. ఎవరు చూసినా పాతకాలపు దూలం ముక్కే అంటారు. రాళ్ళక్క మామగారు ఓడల్లో పనిచేసే రోజుల్లో ఏదో దూరపు రేవు నుంచి తెచ్చాడు. ప్రళయం నాటి ఓడ ఆగిన కొండ మీది చెక్క అనీ, కాలం గడిచి రాయిగా మారిందనీ చెప్పి సంఘానికిచ్చాడు. ఆయన పోయి పధ్నాలుగేళ్ళయింది. అత్తగారు ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు ఆ పెట్టె అద్దాన్ని చేతిరుమాలుతో తుడిచి గానీ కూర్చోదు. ఆ చెక్క వల్లే ఆవిడకి ముందు వరసలో ఒక కుర్చీ ఖాయమైపోయింది.

ఆ ఏడు పాస్టరు గారు సృష్టి ఆదివారం ఘనంగా చేయాలనుకున్నారు. ఆరాధన అయ్యాక రాళ్ళక్కని ఆపారు.

"కాలేజీకెళ్ళే పిల్లలు నన్ను ప్రశ్నలతో నమిలేస్తున్నారమ్మా. సైన్సు అలా చెప్తోంది, ఇలా చెప్తోందంటారు. మన ఇంట్లోనే సైన్సు పెట్టుకుని నేనెందుకు భయపడాలి? నువ్వు ఆ ఓడ చెక్కలో ఓ చిన్న ముక్క కోసి, మీ మైక్రోస్కోపులో చూసి, అందరి ముందూ సాక్ష్యం చెప్పు. మూడు వారాలు టైముంది."

ఆమెకి ఎగిరి గంతేసినంత పనైంది. తన పనీ తన ప్రార్థనా ఒకే వేదిక మీద కలవబోతున్నాయి మరి! అత్తగారిని అడిగితే ఆవిడ "నీ ఇష్టం" అని లోపలికెళ్ళిపోయింది. సంతోషంతో మాట పెగల్లేదు కాబోలనుకుంది కోడలు.

సోమవారం సాయంత్రం, కాలేజీలో అందరూ వెళ్ళిపోయాక, వెంట తెచ్చుకున్న ఆ చెక్కకి పైకి కనబడకుండా అడుగు వైపు నుంచి గోరంత ముక్క కోసింది. ముందు ప్రార్థన చేసుకుని మరీ కోసింది. రాయిగా మారిన చెక్కని ఆమె ఎన్నోసార్లు చూసింది. చెట్టు చచ్చి రాయైనా దాని గదులు చెక్కుచెదరవు. జల్లెడ కన్నాల్లా వరసగా కనబడతాయి, ఏటేటా పెరిగిన వలయాలతో సహా. ముక్కని అరగదీసి, ఆ కన్నాల కోసమే మైక్రోస్కోపులో కన్ను పెట్టింది.

కన్నాల్లేవు. సన్నటి ఇసుకా బంకమన్నూ ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొరలు మాత్రం ఉన్నాయి. చక్కటి పొరలు. ఇంకొకప్పుడైతే ముచ్చటపడేది.

తేరుకుని చూసేసరికి చెయ్యి తన పని తాను చేసేసింది. గాజు అంచున స్పష్టంగా గీసి ఉంది: "చెక్క కాదు. పొరలరాయి."

అడుగున ఏదో బంకమట్టి అంటుకుందేమోనని ఇంకో చోట కోసింది. తర్వాత చివరి అంచున మూడో ముక్క. మూడు స్లైడులు, మూడింటి మీదా అదే మాట. మూడోసారి పెన్సిలు పట్టుకోకూడదని గట్టిగా అనుకుంది కూడా. అనుకునేలోపే గీసేసింది. పాడు అలవాటు!

ఆ మూడు వారాలూ ఆమెకి అన్నం సయించలేదు. వేదిక ఎక్కి చెక్కే అని చెబితే అది అబద్ధ సాక్ష్యం. అదీ దేవుడి ఇంట్లో, దేవుడి పేరు మీద. ఏ మొహంతో మళ్ళీ పిల్లల ముందు కూర్చుని అబద్ధం ఆడకూడదని చెబుతుంది? చెక్క కాదంటే, చనిపోయిన మామగారు అబద్ధాలకోరైపోతాడు. అత్తగారి ముందు వరస కుర్చీ నవ్వులపాలవుతుంది. ఇరవై ఏళ్ళుగా తను నడుపుతున్న పిల్లల తరగతి, సైన్సు బుర్రకెక్కిందన్న నెపంతో ఇంకొకరి చేతుల్లోకి పోతుంది. కడుపున పుట్టిన పిల్లలు లేని మనిషి ఆమె. ఆ వెనక గది పోతే ఆదివారమే లేదు. పాస్టరు గారు కనబడినప్పుడల్లా "అయిందా అమ్మా?" అంటారు, ఈమె "అవుతోంది అయ్యగారూ" అంటుంది. మొగుడికి చెబుదామా అంటే, ఆయన తల్లి మాటకీ పెళ్ళాం మాటకీ ఒకే శ్రుతిలో ఊ కొట్టే మనిషి.

ఉండబట్టలేక ఒక స్లైడు ప్రొఫెసర్ గారికి చూపించింది. ఆయన చూసి, "పొరలరాయే. గీసే పెట్టావుగా. ఎవరిదమ్మా?" అన్నాడు.

"మాదే సార్. చెక్కనుకున్నాం."

ఆయనకి సంగతి అర్థమైంది. వేళాకోళం చేస్తాడేమోనని ఆమె బిగుసుకుపోయింది. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేనొకసారి ఓ పంటిని పట్టుకుని పదకొండేళ్ళు తిరిగాను. ఏదో పెద్ద జంతువుదని వ్యాసాలు కూడా రాశాను. చివరికి గులకరాయని తేలింది. తేల్చింది కూడా నేనే. వారం రోజులు ఎవరి మొహమూ చూడలేకపోయాను."

"మరి చెప్పేశారా సార్?"

"చెప్పాను. చెప్పాక బాగా నిద్రపట్టింది."

సృష్టి ఆదివారం రానే వచ్చింది. చర్చి కిక్కిరిసిపోయింది. ముందు వరసలో అత్తగారు కర్ర ఆనించుకుని నిటారుగా కూర్చుంది. ఆ రోజు అద్దం తుడవలేదు, ఆ పని మనవడి వరసవాడెవరికో అప్పగించింది. పాస్టరు గారు ఎంతో గర్వంగా పిలిచారు. "మన రాళ్ళక్క ఇప్పుడు సైన్సు కళ్ళతో చూసిన సాక్ష్యం చెబుతుంది."

రాళ్ళక్క వేదిక ఎక్కింది. ఎక్కేటప్పటికి కూడా ఏం చెప్పాలో తేల్చుకోలేదు. సంచిలోంచి స్లైడు తీసింది. వెలుతురులోకి ఎత్తిపట్టుకుంటే తను గీసిన మాటే తన కళ్ళలో పడింది. ఇక చదవడమొక్కటే మిగిలింది.

"చెక్క కాదు. పొరలరాయి," అని చదివింది. "మూడు చోట్ల కోసి చూశానండీ. మూడు చోట్లా అంతే. మా మామగారు మంచి మనిషి. ఆయనకి ఎవరో అలా చెప్పి ఉంటారు. ఆయన్ని ఏమీ అనకండి. అంటే నన్ననండి."

పాస్టరు గారి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అప్పుడు ముందు వరసలో కర్ర చప్పుడైంది. అత్తగారు లేచి నిలబడింది.

"అమ్మయ్య!" అంది అత్తగారు. మైకు లేకుండానే చివరి వరస దాకా వినబడింది. "అయ్యగారూ, నేనూ సాక్ష్యం చెప్పాలి. ఆయన పోయే ముందు ఆస్పత్రి మంచం మీద నాకు చెప్పారు. ఆ ముక్క రేవులో ఒడ్డున పడుందట. చారలు బాగున్నాయని తెచ్చుకున్నారట. తోటి పనివాళ్ళు సరదాకి ఓడ చెక్కన్నారు, ఈయన కాదనలేదు. ఇక్కడికొచ్చి చెబితే అందరూ అంత సంబరపడ్డారు, ఇక కాదనడానికి మొహం చెల్లలేదట. నువ్వైనా చెప్పెయ్యవే అని నాచేత ఒట్టేయించుకున్నారు. ఈ కుర్చీ మీద ఆశతో నేను చెప్పలేదు. పధ్నాలుగేళ్ళు మింగలేక కక్కలేక చచ్చాను." కోడలి వైపు తిరిగింది. "ఏమే, ఇన్నేళ్ళు ఊళ్ళో రాళ్ళన్నీ కోశావు, దీన్ని ఎప్పుడు కోస్తావోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను. కొయ్యకపోతే బాగుండునని సగం, కోసేస్తే వదిలిపోతుందని సగం."

ఎవరో వెనక నుంచి పకాలున నవ్వారు. ఆ నవ్వుతో చర్చికి ఊపిరాడింది. రాళ్ళక్క వేదిక మీదే నిలబడి ఏడ్చేసింది. భయంతో మూడు వారాలు ఆపుకున్న ఏడుపు అది. భయం పోయాక గానీ బయటికి రాలేదు.

పాస్టరు గారు తేరుకున్నారు. తేరుకోవడమే కాదు, ఆయన కళ్ళు మళ్ళీ మెరిశాయి. "అమ్మా, పొరలన్నావుగా? పొరలంటే నీళ్ళు పరిచినవేగా? అయితే అది ప్రళయపు నీళ్ళేగా!"

అయ్యగారి ఉత్సాహం ఇంతా అంతా కాదు. ఔనంటే ఆ నిమిషంలోనే మళ్ళీ ఇంకో గాజు పెట్టె తయారయ్యేది. రాళ్ళక్క కళ్ళు తుడుచుకుంది.

"నీళ్ళే అయ్యగారూ. ఏ నీళ్ళో ఈ రాయి చెప్పలేదు. ప్రళయం నీళ్ళని నేను నమ్ముతాను. మా ప్రొఫెసర్ గారు నమ్మరు. నేను చూసింది మాత్రం పొరలే. చూసిందాన్ని చూశానని చెబుతాను, నమ్మినదాన్ని నమ్ముతున్నానని చెబుతాను. రెండూ కలిపి చెబితే మళ్ళీ మూడు వారాలు నాకు అన్నం దిగదు."

పాస్టరు గారు తొందరమనిషే గానీ చెడ్డమనిషి కాదు. మైకు దగ్గరికొచ్చి, ఇంకేమీ అనకుండా ప్రార్థన చేశారు. మామూలు కన్నా చిన్న ప్రార్థన.

ఆరాధన అయ్యాక ఆయన దగ్గరికొస్తుంటే, పిల్లల తరగతి గురించేనని ఆమెకి తెలిసిపోయింది. సంచి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"వచ్చే ఆదివారం నీ తరగతిలోకి ఆ కాలేజీ పిల్లల్ని కూడా పంపిస్తానమ్మా," అన్నారాయన. "నన్ను నమిలేసినట్టే నిన్నూ నమలనీ. నువ్వు తెలిసింది తెలుసని, తెలియంది తెలియదని చెబుతావు. నాకది ఇంకా చేతకావట్లేదు."

"గది సరిపోదేమో అయ్యగారూ," అంది.

అత్తాకోడళ్ళిద్దరూ నడుచుకుంటూ ఇంటికొచ్చారు. అత్తగారు దారిలో ఎక్కడా అలుపు తీర్చుకోలేదు. వస్తూనే వంటింట్లోకెళ్ళి, కోడలిని పీట మీద కూర్చోబెట్టి, తనే వడ్డించింది. రాళ్ళక్క రెండోసారి పెట్టించుకుంది, మూడోసారి కూడా. అత్తగారు ఎదురుగా కూర్చుని తృప్తిగా చూస్తూ, ఉన్నట్టుండి అడిగింది.

"నా దగ్గర ఇంకేమైనా దాచావా?"

"లేదత్తయ్యా. మీరు?"

అత్తగారు గిన్నె ముందుకు జరిపింది. "ముందు తిను. ఆలోచించుకుని చెబుతాను."