బురదలో నాటిన కంచె

మా దొడ్డి వెనకంతా నల్లరేగడి. వాన పడితే నీళ్ళు ఇంకవు, కంచెకు పాతిన కట్టెలు కుళ్ళి ఒరిగిపోతాయి. ఒరిగిన ప్రతిసారీ పక్కతోట మామ తన గట్టును కాస్త మా వైపు జరుపుకుంటాడు. ఈ రోజు మిల్లులో షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వెళ్ళి, ఆ బురదలోనే కిళువ చెట్టు పచ్చికొమ్మలు వరసగా నాటాను. మామ గట్టు మీద నిలబడి నవ్వాడు.

“సుమ్మా, ఊరికే ఎందుకు అమ్మిణీ ఈ పాటు? ఈ బురదలో కంబం నిలుస్తాదా?”

“ఎండుకట్టె అయితే పడిపోతాది మామా. ఇది తడిలోనే వేరు విడిచేది. ఇంక గట్టు జరపాలంటే ఈ చెట్లనే అడగండి.”

మామ నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు బయట మబ్బేసింది. రానీ వాన! మీ ఊళ్ళోనూ గట్లకు ఇలాగే కాళ్ళొస్తాయా?