పోలయ్యకు ఆధారం లేదట

మంగినపూడి దగ్గరి మా పోలయ్యపాలెం మీద ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఒకాయన రాసిన వ్యాసాన్ని అక్కడి సంపాదకురాలిగా ఈ రోజు సమీక్షించాను. ఊరికి ఆ పేరు ఎవరో మహర్షి వల్ల వచ్చిందట! ఆధారమేమో, అక్కడ ప్లాట్లు అమ్మేవాళ్ల బ్రోచర్. వ్యాసం రాసినాయనకే ఫోన్ చేశాను.

"బ్రోచర్ వాళ్లకి ఎవరు చెప్పారండీ?"

"మన వ్యాసం చూసే వేసుకున్నారమ్మా."

"అక్కడ మొదటి గుడిసె వేసిన పోలయ్య పేరండీ అది. మా ముత్తాతకి తాత."

"చేపలు పట్టేవాడి పేరంటే ఊరికేం గౌరవమమ్మా?"

ఒళ్లు మండిపోయింది. మహర్షిని తీసేశాను. కానీ నమ్మదగిన అచ్చు ఆధారం లేనిదేదీ ఉంచకూడదన్న అదే నియమం ప్రకారం పోలయ్యనీ రాయలేకపోయాను, ఆయన అచ్చులో ఎక్కడా లేడు. మా ఇంట్లో నాకు ముందు ఎవరికీ అక్షరం ముక్క రాదు. మరి ఆధారం ఎవరు రాసిపెట్టాలో మీరే చెప్పండి.