మైకులో చదవని పేర్లు

మా పై వాటాలో ఉండే పెద్దమ్మ పోయిందని పోయిన ఆదివారం పొద్దున ఆమె తమ్ముడు కిందికి దిగివచ్చి చెప్పాడు. గుండెపోటు. చెప్పి వెళ్ళకుండా గుమ్మంలోనే ఆగి, "ఆ గోలీల ముచ్చట ఎవలకు చెప్పకు బిడ్డా, ఇజ్జత్ పోతది" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని, ఒళ్ళు మండిపోయింది. ఆవిడే మైకులో చెప్పుకున్న మందుల సంగతిని నేను దాచాలట! అందుకే మీకు చెబుతున్నాను.

క్యాంపస్‌లో ఎమ్మే చదువుతుండగా నా మనసు చెదిరింది. ఇల్లు దగ్గరే అయినా చదువు కోసం హాస్టల్లో ఉండేదాన్ని. అక్కడ నిద్ర ఉండేది కాదు, ఎవరో పిలుస్తున్నట్టు ఉండేది. నాన్న తార్నాకలో మా ఇంటికి తెచ్చేశాడు. మందులు ఇప్పించారు, కాదనను. మనిషిని మాత్రం దాచేశారు. అడిగినవాళ్ళకు కాకినాడలో అమ్మమ్మ దగ్గరుందని చెప్పేవాళ్ళు. కాలింగ్ బెల్ మోగితే చాలు, అమ్మ నన్ను వెనక గదిలోకి పంపి బయట గడియ పెట్టేది. చుట్టాలు కాఫీలు తాగి, నా పెళ్ళి గురించి కూడా మాట్లాడుకుని వెళ్ళేదాకా దగ్గు ఆపుకుని కూర్చునేదాన్ని.

బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చే పెద్దమ్మకు ఆ గది కిటికీ కనిపించేది. యూనివర్సిటీ ఆఫీసులో చేసి రిటైరయిన మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. అయినా అమ్మను ఏనాడూ నిలదీయలేదు. ఊచల్లోంచి సర్వపిండి ముక్క అందించి, వీధిలో ఎవరు ఎవరితో పోట్లాడారో చెప్పేది. నేను పలక్కపోతే, "ఊ అను చాలు, నాకు గోడతోని మాట్లాడుడు రాదు" అనేది. రోజు మొత్తంలో నేను మాట్లాడేది ఆ 'ఊ' ఒక్కటే.

అప్పుడే ఆవిడ క్యాంపస్‌లో పొద్దున నడకకు వచ్చేవాళ్ళను పట్టుకుని చందాలు పోగుచేయడం మొదలుపెట్టింది. మనసు జబ్బుల గురించి కాలనీ హాల్లో డాక్టరు చేత మాట్లాడించాలి, ఆ తర్వాత వారం వారం ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టాలి. అందరూ బాగానే ఇచ్చారు. వినాయక చవితి చందాకైతే మైకులో పేరు ఆలస్యంగా చదివారని అలిగే పెద్దమనుషులు, దీనికి మాత్రం చదవొద్దని బతిమాలారట. చదివితే ఈ ఇంట్లో ఎవరికో ఉందనుకుంటారని భయం. మా నాన్నదీ అదే భయం.

మీటింగ్ రోజు నేను మామూలుగానే గదిలో ఉన్నాను. మా సందులో స్తంభానికి మైకు కట్టారు. దాతల పేర్లు చదువుతున్నారు. గుప్తదానం, గుప్తదానం, మళ్ళీ గుప్తదానం. ముందు నవ్వొచ్చింది, తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఈ చుట్టుపక్కల ఇలాంటి గదులు ఎన్ని ఉన్నాయో! ఇంతలో పెద్దమ్మ గొంతు వినిపించింది.

"నా పేరు గట్టిగ సదువు. ఎన్నో ఏండ్ల సంది గీ గోలీలు మింగుతున్న. మింగుకుంటనే నౌకరి చేసిన, బిడ్డ పెండ్లి చేసిన. గిండ్ల దాసిపెట్టుడేమున్నది?"

కాసేపటికి అమ్మ గడియ తీసి, వచ్చి నా మంచం మీద కూర్చుంది. మళ్ళీ ఎప్పుడూ గడియ పెట్టలేదు. పెద్దమ్మతో నడిచే ఇద్దరు ముగ్గురు మాత్రం దారి మార్చుకున్నారు. "పోనీ తియ్" అనేది గానీ, వాళ్ళు ఎదురైతే ఆవిడ ముఖం చిన్నబోయేది. వాళ్ళ బదులు నేను పక్కన నడిచేదాన్ని. నన్ను మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది ఆవిడే. అయినా ఎవరడిగినా, మా అమ్మాయికి కాస్త నీరసం అనే ఇప్పటికీ మా ఇంట్లోవాళ్ళ జవాబు.

నిన్న అదే హాల్లో సంతాప సభ. వారం వారం జరిగే కౌన్సెలింగ్ ఆగకూడదని ఆవిడ పేరు మీద చందాలు పోగుచేశారు. పెద్దమ్మ తమ్ముడు గుప్తదానం అన్నాడు. తర్వాతివాళ్ళూ అదే. అప్పుడు నాన్న లేచి, మైకు అందుకుని, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. "మా అమ్మాయికి..." అని ఆగిపోయాడు. ఎవరో మైకు తీసుకోబోతే ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని, చెప్పనా అన్నట్టు నా వైపే చూస్తూ నిలబడ్డాడు.