ఇంక్యుబేటర్ మరిచిపోయిన వేడి

1994లో బళ్ళారిలో నాకు చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపు ఉండేది. మైక్రోకంట్రోలర్, అంటే యంత్రాన్ని నడిపే చిన్న చిప్పుకు సి భాషలో ప్రోగ్రాము రాసి, కంట్రోల్ పెట్టెలు తయారుచేసేవాణ్ణి. కురుగోడులో కోడిగుడ్లు పొదిగించే ఒక ఇంక్యుబేటర్‌కు అలాంటి పెట్టె చేసిచ్చాను.

దాని యజమాని గుండెపోటుతో పోయాక భార్య సరోజమ్మ పని చూసుకుంటోంది. కొన్నాళ్లకు కబురొస్తే వెళ్లాను. అమావాస్య దాటితే చాలు, గుడ్లలోనే పిల్లలు చచ్చిపోతున్నాయట. మా వైపు అమావాస్యకు యంత్రాలు ఆపి, తుడిచి, పూజ చేస్తారు. భర్త చేసే పూజ ఇప్పుడు ఆమె చేస్తోంది. ఇంకేముంది, మరిది నోటికి పని దొరికింది. విధవ చెయ్యి తగిలితే ఇంతేనని, తాళాలు తనకిచ్చి ఇంట్లో కూర్చోమని పట్టుబట్టాడు. వింటుంటే నాకు ఒళ్లు మండింది. సరోజమ్మ ఆ మాట నమ్మేసిందని తెలిసి ఇంకా బాధేసింది.

“నా చెయ్యే మంచిది కాదేమోప్పా. తాళాలు ఇచ్చేస్తా. ఆ పిల్లలు ఏం పాపం చేసినాయి?” అంది.

పూజ ఎలా చేస్తుందో చేసి చూపించమన్నాను. మెయిన్ స్విచ్ ఆపింది. తడి తగలకూడదని పెట్టె వెనక మూత తీసి, బ్యాటరీ సెల్లులు కూడా ఊడదీసి పక్కన పెట్టింది. నాకు సంగతి అర్థమైంది.

సి కంపైలర్ మారే విలువలను, అంటే వేరియబుల్స్‌ను, ర్యామ్‌లో పెడుతుంది. కరెంటు ఉన్నంతసేపే ర్యామ్‌కు జ్ఞాపకం. మారవని మనం చెప్పిన కాన్‌స్టెంట్లను ప్రోగ్రాముతోపాటు ఈప్రామ్ అనే చిప్పులో ఉంచవచ్చు. కరెంటు పోయినా అవి చెరగవు. పొదిగే వేడి ఎవరికి కావలసినట్టు వాళ్లు పెట్టె మీది బటన్లతో మార్చుకునేలా వేరియబుల్‌గా ఉండేది. కరెంటు పోతే దాన్ని కాపాడేది ఆ సెల్లులే. అవీ లేకపోతే పెట్టె మళ్లీ మొదటి విలువకు, ముప్పయ్యైదు డిగ్రీలకు పోతుంది. గుడ్లకు ఆ వేడి చాలదు.

“అన్న ఉన్నప్పుడు, పూజ అయినాక ఈ బటన్లు నొక్కుతాండెనా అక్కా?”

“పెట్టె ముందర శానాసేపు నిలబడతాండె. మొక్కుకుంటాండాడనుకుంటిని,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి.

బటన్లు నొక్కడం నేర్పించి వచ్చేయొచ్చు. కానీ ఆమె ఒక్కసారి మరిచిపోతే చాలు, మరిది కాచుకుని ఉన్నాడు. అక్కడ పొదిగేవి కోడిగుడ్లే, వాటికి కావలసిన వేడి మారే అవసరమే లేదు. దాన్ని కాన్‌స్టెంట్‌గా రాసి, కొత్త ఈప్రామ్ తెచ్చి బిగించాను. మరిదిని పిలిచి, తప్పు ఎవరి చేతిదీ కాదని ఆమె ఎదుటే చెప్పాను. ఆయన బయటికి వెళ్లిపోయాడు.

తర్వాతి అమావాస్యకు సరోజమ్మే సెల్లులు తీసి, తుడిచి, పూజ చేసింది. గుడ్లు పగిలే రోజు నన్ను పిలిపించి, తడి ఆరని పిల్లనొకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూపించింది.

“నా చేతిలోనే అరస్తాండాది చూడప్పా.”

ఆ తర్వాత ఎవరికి పెట్టె చేసినా, వాళ్లు దాన్ని ఎలా తుడుస్తారో, పూజ ఎలా చేస్తారో ముందు అడిగేవాణ్ణి. ఒక అంకెను ఎక్కడ దాచామన్నదాన్ని బట్టి ఒక మనిషి మీద నింద పడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.