పద్మావతమ్మగారి రోజ్‌మేరీ

ఈ మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో వేయించిన బంగాళాదుంపల మీద చల్లిన రోజ్‌మేరీ ఆకు పంటి కింద పడింది. కర్పూరం కలిసినట్టుండే ఆ ఘాటు ముక్కుకెక్కగానే, యలహంకలో మా ఇంటి యజమానురాలు పద్మావతమ్మగారి పెరడు కళ్ళముందు నిలిచింది. వాసనలకు జ్ఞాపకాలను లేపే ప్రత్యేక శక్తి ఉందని నేను రాయను. నాకు జరిగింది మాత్రమే రాస్తున్నాను.

వారిది బెంగళూరులో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. మేడమీది గదిలో అద్దెకు చేరిన ఏడాది నేనొక రోజ్‌మేరీ మొక్క కొన్నాను. మధ్యధరా సముద్రతీరపు చిన్న పొద అది. నీటి ఎద్దడిని తట్టుకుంటుందని చదివాను కూడా. అయినా అడుగు ఆకులు గోధుమరంగుకు తిరగగానే దాహమనుకొని రెండు పూటలా నీళ్ళు పోశాను. పద్మావతమ్మగారు ఒకరోజు మొక్కను తొట్టినుంచి పెరికి, కుళ్ళి నల్లబడిన వేళ్ళు చూపించారు.

"దాన్ని చూసి నీకు దాహమైతే నువ్వు తాగప్పా. దానికెందుకు పోస్తాండావు?"

మిగిలిన ఒక పచ్చి కొమ్మను ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలో నాటి, ఎండ నిండుగా తగిలే గోడవారన పెట్టారు. మన్ను పూర్తిగా ఎండితేనే నీళ్ళు. అది బతికి మోకాలెత్తు పొద అయింది. ముసురు పట్టినప్పుడు తొట్టిని చూరు కిందికి జరపడం నా పని.

ఆమె భర్త రంగయ్యగారు ఒకప్పుడు బట్టల దుకాణం నడిపిన మనిషి. మతిమరుపు ముదిరి, మాటలు ఒక్కొక్కటే ఆయనను వదిలిపోతున్నాయి. రోజూ ఉదయం ఆయనను ఎండలో కూర్చోబెట్టి, ఆమె ఒక రెమ్మ నలిపి అరచేతిలో పెట్టేవారు. ఆయన వాసన చూసి "ఇదేమి?" అని అడిగేవారు. ఆ రోజుకు ఆయన మాట్లాడేది అంతే. ఈ వాసనతో జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని నేనొకసారి వివరించబోయాను.

"వస్తాదని నేనెప్పుడు చెప్పినా?" అన్నారామె. "ఆయన అడుగుతాడు, నేను చెప్తా. అంతే గదప్పా."

ఆమె చేయని వాదాన్ని నేను ఖండించాను.

ఒక చలికాలపు ఉదయం ఆయన రెమ్మను పట్టుకున్నారు గానీ అదేమిటని అడగలేదు. మరునాడూ అంతే. మూడోనాడు పెదవులు కాస్త కదిలాయి. ఆమెకు వినికిడి తక్కువ, నన్ను చూశారు.

"ఏమో అన్నాడు గదా? దగ్గిరే ఉండావు, చెప్పు."

"లేదమ్మా. ఏమీ అనలేదు."

ఆమె తలూపారు. "మా చెల్లెల్ని అడిగితే అన్నాడనే చెప్తాది, సుమ్మనే, ఊరికే నన్ను సంతోషపెట్టేదానికి. నువ్వట్ల చెప్పవు. అందుకే నిన్ను అడిగినా."

ఆ తరువాత ఆయన అడగలేదు. ఆయన పోయేవరకూ ఆమె మాత్రం ప్రతి ఉదయం రెమ్మ చేతిలో పెట్టి, ప్రశ్న లేకుండానే "రోజ్‌మేరీ" అని జవాబు చెప్పేవారు. ఇప్పుడు ఆమె కూడా లేరు.

మందుల నాణ్యతను పరీక్షించడం నా ఉద్యోగం. మందులో వెతికిన మలినం దొరకకపోతే "లేదు" అని రాయను. "మా పరీక్షకు అందలేదు" అని రాస్తాను. ఆయన పెదవులు కదిలిన ఆ ఉదయం రోడ్డు మీద బస్సు చప్పుడు చేస్తూ వెళ్తోంది. నాకు వినబడలేదన్నది ఒక్కటే నాకు తెలిసిన నిజం. నన్ను అంత నమ్మిన మనిషికి ఆ ఒక్కటే చెప్పి ఉండవలసింది.